కర్నూలులో మాజీ సైనికుల వరద శిక్షణ: వెళ్లవచ్చు, తాడు మాత్రం మీరే తీసుకెళ్లండి

మా ఊరి మాజీ సైనికులు కొందరు కలిసి ఉచితంగా నిర్వహిస్తున్న ఒకరోజు విపత్తు సన్నద్ధత శిక్షణకు గత ఆదివారం నేనూ, మా తమ్ముడూ వెళ్లాము. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు ఊరిమీద పడినప్పుడు కుటుంబంతో మేడమీద గడిపినవాణ్ణి కాబట్టి, ఇటువంటి శిక్షణ ఉపన్యాసాలతో ముగుస్తుందేమోనన్న అనుమానంతోనే వెళ్లాను.

ఉపన్యాసం పావుగంటకు మించలేదు. దిగువన శ్రీశైలం జలాశయం నిండి ఉన్నప్పుడు తుంగభద్ర వెనక్కి తన్నుతుందని, అప్పుడు హంద్రీ నీటికి పోయే దారి లేక పాతబస్తీ మునుగుతుందని నేలమీద సుద్దముక్కతో గీసి చూపించారు. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) పదో బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులో, అంటే మనకు 300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది గనుక, ఆ బృందం చేరేలోపు గడిచే గంటలకే తాము తయారుచేస్తున్నామని దాపరికం లేకుండా చెప్పడం నాకు నచ్చింది.

అసలు విలువంతా తాడు పనిలో ఉంది. మునిగిపోతున్న మనిషిని చూడగానే నీళ్లలోకి దూకకూడదని, ముందు గట్టుమీద నుంచే కర్ర చాచాలని, అందకపోతే మూత బిగించిన ఖాళీ డబ్బాకు తాడు కట్టి విసరాలని చెప్పి, ఒక్కొక్కరి చేత పదిసార్లు విసిరించారు. బరువు పడినా ఉచ్చు బిగుసుకోని బౌలైన్ ముడిని కళ్లు మూసుకుని వేయగలిగేదాకా శిక్షణ ఇస్తున్న సుబేదారు గారు ఎవరినీ వదలలేదు. ఎద్దులను కట్టి అలవాటైన ఇద్దరు రైతులు మాత్రం మా అందరికన్నా ముందే నేర్చుకుని, మిగతావారికి నేర్పడం మొదలుపెట్టారు. రెండు వెదురు కర్రలకు లుంగీలు తొడిగి చేసిన స్ట్రెచర్‌పై మా తమ్ముణ్ణే మోయించారు.

లోపాలూ ఉన్నాయి. గుండె ఆగినవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీని నొక్కాలని చక్కగా వివరించినా, సాధనకు ఒకే బొమ్మ ఉండటంతో ఒక్కొక్కరికి నిమిషం కూడా దక్కలేదు. ఆదేశాలు చాలావరకు హిందీలో ఉండటంతో పెద్దవారు తికమకపడ్డారు. వరద వచ్చిన పగటివేళ ఇంట్లో ఉండేది ఎక్కువగా ఆడవాళ్లే అయినా, వచ్చిన మహిళలు ముగ్గురే. వారికి వీలైన వేళల్లో విడిగా తరగతి పెట్టాలని నిర్వాహకులను కోరాను.

వారం తిరక్కముందే ముడి సగం మరిచిపోయాను, అందుకే మళ్లీ వెళ్తున్నాను. వెళ్లేవారు పది అడుగుల తాడు, ఒక పాత లుంగీ తీసుకెళ్లండి. అక్కడ అందరికీ సరిపడా లేవు.