జాతీయ ఉద్యానమన్న పేరు చూసి బయలుదేరవద్దు: కడప నుంచి పన్నెండేళ్ల అడవి నడక

పన్నెండేళ్లుగా ఏటా రెండు మూడుసార్లయినా కడపలో బస్సెక్కి ఏదో ఒక అడవికి వెళ్లివస్తున్నాను. మొదటి నాలుగైదేళ్లు ఎక్కడికి వెళ్లాలన్నది పెద్ద సమస్యగా ఉండేది కాదు. పటంలో 'జాతీయ ఉద్యానం' అని రాసి ఉంటే గొప్ప అడవి అనీ, 'అభయారణ్యం' అని ఉంటే దానికంటే ఒక మెట్టు తక్కువ అనీ అనుకునేవాడిని. ఆ లెక్క తప్పని నాకు మొదట తెలియజెప్పింది మా జిల్లాలోనే, ప్రొద్దుటూరు పక్కన పెన్న ఒడ్డున ఉన్న రామేశ్వరం రాజీవ్ గాంధీ జాతీయ ఉద్యానం. 2005లో ఆ హోదా పొందిన ఈ ఉద్యానం విస్తీర్ణం రెండున్నర చదరపు కిలోమీటర్లకు మించదు. వీపున సంచులు తగిలించుకుని, రెండు పూటలకు సరిపడా పులిహోర కట్టించుకుని తెల్లవారుజామున బయలుదేరిన నేనూ మా బావమరిదీ ఆ పులిహోరను మధ్యాహ్నానికి ప్రొద్దుటూరు బస్టాండులో కూర్చుని తిన్నాము.

ఆ తరువాత చట్టం ఏమంటుందో చదివాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలో పశువులను మేపడానికి వీలు లేదు, అభయారణ్యంలోనైతే అనుమతితో కొంత మేపుకోనిస్తారు. అంటే ఈ హోదా అడవి లోపల మనుషులకు ఎంత కట్టడి ఉందో చెబుతుందే తప్ప, నడిచేవాడికి అక్కడ ఏమి దొరుకుతుందో చెప్పదు. పులులు తిరిగే నల్లమల జాతీయ ఉద్యానం కాదు. అది 1983 నుంచి పులుల సంరక్షణ కేంద్రం, అందులో ఉన్నవి అభయారణ్యాలు.

నల్లమలలో నేను చూసిన రెండు పద్ధతుల్లో ఒకటి జీపు సఫారీ. ఆత్మకూరు దగ్గరి బైర్లూటిలోనూ, శ్రీశైలం–దోర్నాల దారిలోని తుమ్మలబైలులోనూ కలిపి ఆరుసార్లు జీపెక్కాను, పులి ఒక్కసారి కూడా కనబడలేదు. పులి కోసమే డబ్బు కట్టేవారికి నేను ఈ సఫారీలను సిఫారసు చేయలేను. కానీ బైర్లూటిలో ఒక ఉదయం, వెంట వచ్చిన చెంచు యువకుడు జీపు ఆపించి, దారి పక్కన పుట్టకు పడిన పెద్ద గంటు చూపించాడు. ఎలుగుబంటి చెదల కోసం తవ్విందట. అతడు ఆ గంటులో వేళ్లు పెట్టి మట్టి తీసి నా అరచేతిలో వేసి, "రాత్రిదే సార్, చూడండి, ఇంకా తడి ఆరలేదు" అన్నాడు. పుట్ట పైభాగమంతా ఎండకు బెల్లపు అచ్చులా గట్టిపడి ఉంది, ఆ గంటు దగ్గర మాత్రమే మట్టి చల్లగా, మెత్తగా ఉంది. అతడు పక్కన లేకపోతే నేను దానిని వాన కోసిన గుంత అనుకుని దాటిపోయి ఉండేవాడిని. అందుకే సఫారీకి వెళ్లేవారు జీపు గురించి అడిగేముందు, వెంట స్థానికుడు వస్తాడా రాడా అని అడగడం మంచిది.

రెండవది శివరాత్రి కాలినడక. ఆత్మకూరు పక్కన వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి వెళ్లే ఈ అడవి దారిలో మామూలు రోజుల్లో ఎవరినీ నడవనివ్వరు. పండుగ దినాల్లో మాత్రం అదే దారి వేలాది మందికి తెరుచుకుంటుంది. రెండు రోజుల నడకలో అన్నదానం, మజ్జిగ, నీళ్లు దాతలే ఏర్పాటు చేస్తారు కనుక బరువు మోసే పని సగం తగ్గుతుంది. భీముని కొలను దగ్గర మెట్లు లోయలోకి దిగి, మళ్లీ అంతకంత ఎక్కాలి. ఎక్కేవారంతా "చేదుకో మల్లన్నా" అని అరుస్తుంటారు. బావిలో నుంచి బొక్కెనను చేదినట్టు తమను పైకి లాగమని అడగడం ఆ మాటలోని భావమని నాకు ఆ మెట్ల మీద మోకాళ్లు పట్టుకున్నప్పుడు గాని తెలియలేదు. లోపమేమిటంటే, జనం వెళ్లిపోయాక దారి వెంట మిగిలే ప్లాస్టిక్ కప్పులు, నీళ్ల సీసాలు. నిశ్శబ్దం కోరుకునేవారికి ఈ నడక అసలు సరిపడదు. అడవిని కాళ్లతో కొలవాలనుకునేవారికి మాత్రం దీనికి సాటి వచ్చే దారి రాయలసీమలో నాకు మరొకటి దొరకలేదు.

తిరుపతి దగ్గరి శేషాచలం కొండల్లో 1989లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానానిదీ ఇదే తీరు. రాయచోటి, పీలేరు మీదుగా తలకోనకు వెళ్లి 270 అడుగుల జలపాతం చూసి రావచ్చు, వానలు బాగా పడిన ఏడాది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అది చూడవలసినదే. ఏప్రిల్‌లో వెళితే బండ మీద తడి మరక చూసి వస్తారు. శేషాచలం లోపలికి నడవాలంటే మాత్రం తీర్థ ముక్కోటి పండుగ రోజులే దారి: పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. తుంబురు తీర్థం చివరి భాగంలో రెండు నిలువు కొండగోడల నడుమ, తాళ్లు పట్టుకుని నీళ్లలో నడవాలి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు రావద్దని తిరుమల తిరుపతి దేవస్థానం ముందే చెబుతుంది, ఆ మాటను తేలికగా తీసుకోకూడదు.

ఇక్కడ నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక ప్రైవేటు నిర్వాహకుడు 'శేషాచలంలో రెండు రోజుల ట్రెక్కింగ్' అని చెబితే ముగ్గురి తరఫున డబ్బు కట్టాను. అనుమతి పత్రం అడిగితే ఫోనులో ఉందన్నాడు. చెక్‌పోస్టు దగ్గర ఆ ఫోనులో ఏమీ లేదని తేలింది. ఎర్రచందనం దొంగల కోసం నిత్యం కాపు కాసే అడవిలో అనుమతి లేకుండా తిరగడం ఎంత ప్రమాదమో సిబ్బంది మాకు ఓపికగా వివరించి, రెండు గంటలు ఎండలో కూర్చోబెట్టి వెనక్కి పంపారు. డబ్బు తిరిగి రాలేదు. అప్పటి నుంచి కాగితం నా చేతికి వచ్చాకే ఇంట్లో ప్రయాణం మాట ఎత్తుతున్నాను.

కొన్ని చోట్లను సాహసయాత్రల జాబితా నుంచి తీసేయాలి. లంకమల అభయారణ్యంలోని కలివికోడి 1900 తరువాత కనబడక, 1986లో మళ్లీ మా జిల్లాలోనే దొరికిన పక్షి. దాని కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. రాత్రిపూట తిరిగే ఆ పక్షిని టార్చిలైటు వేసుకుని వెతకడం సాహసం కాదు, అపచారం. లంకమల చూడాలనుకుంటే శివరాత్రికి సిద్దవటం వైపు నుంచి నిత్యపూజయ్య కోనకు వెళ్లండి. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడులో బట్టమేక పిట్ట నాకు ఎన్నడూ కనబడలేదు. దాని కోసం కాపాడిన గడ్డి మైదానంలో ఇప్పుడు కృష్ణజింకలు మందలుగా పరుగెత్తుతాయి. పిల్లలతో ఒక పూట గడపడానికి అది చాలు.

జాతీయ ఉద్యానమన్న పేరుకు తగ్గ నడక కావాలంటే మనవారు కర్ణాటక వైపు చూడక తప్పదు. అనంతపురం వారికి ఇది మరీ సులువు, రాత్రి బెంగళూరు చేరితే మిగిలినది తెల్లవారేలోగా బస్సులో గడుస్తుంది. 1987లో ప్రకటించిన కుద్రేముఖ్ ఉద్యానంలో 1,890 మీటర్లకు పైబడిన శిఖరానికి అటవీశాఖ అనుమతితో ఒక్క రోజులో ఎక్కి దిగవచ్చు. రోజుకు పరిమిత సంఖ్యలోనే పంపుతారు కనుక పచ్చిక కొండల మీద గాలి శబ్దం తప్ప మరొకటి వినబడదు. జూలైలో వెళ్లిన మమ్మల్ని జలగలు పీక్కుతిన్నాయి. సీమ ఎండలో గోమార్లకు అలవాటుపడిన కాళ్లకు జలగలు కొత్త. మేజోళ్లలో ఉప్పు రాసుకోమని ముందు ఎవరూ చెప్పలేదు, నేను ఇప్పుడు చెబుతున్నాను.

పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానమే. అయినా అక్కడ జనం చేసేది గోదావరిలో పడవ ప్రయాణం, నడక కాదు.

మన వైపు అడవుల్లో ఎండాకాలం నడక వద్దంటే వద్దు, వాగులు ఎండి, నీళ్లన్నీ మన వీపు మీదే మోయవలసి వస్తుంది. నేను మనిషికి నాలుగు లీటర్లకు తక్కువ తీసుకెళ్లను. అలాగని నవంబరు వానల్లో వాగు దాటే దారులకూ వెళ్లను. 2021 నవంబరులో మా వైపు చెయ్యేరు వరద ఒక్క పూటలో ఊళ్లను ఏమి చేసిందో చూసినవాడిని. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఉన్న నెలా రెండు నెలలు నాకు అన్నిటికంటే నమ్మకమైన కాలం. ఈసారి తుంబురు తీర్థానికి మాత్రం ఫాల్గుణం దాకా ఆగుతాము, బావమరిది మోకాలు అప్పటికి ఒప్పుకుంటుందని వైద్యుడు చెప్పాడు.