ఎనిమిది కోర్సుల లూట్: ఏళ్ల తరబడి వాయించాక నా అభిప్రాయం

గుండ్రటి వీపున్న పాత యూరప్ తీగ వాద్యం లూట్ కొనాలని ఉంది, ఏది తీసుకోమంటారు అని వీణ, గిటార్ వాయించే మిత్రులు అప్పుడప్పుడు అడుగుతుంటారు. నా జవాబు ఒకటే. ఎనిమిది కోర్సుల (తీగల జతల) రినైజాన్స్ కాలపు, అంటే ముఖ్యంగా 16వ శతాబ్దపు తరహా లూట్, తీగ మోగే పొడవు 60 సెంటీమీటర్ల దగ్గర ఉన్నది. ఏళ్లుగా నా చేతిలో ఉన్నది అలాంటిదే. ఇంగ్లండ్‌లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో తయారైంది. చలికాలాలు, ఇంట్లో హీటర్ వేడి, రైలు ప్రయాణాలు అన్నీ చూసింది.

కోర్స్ అంటే ఒకే వేలితో నొక్కి, ఒకే మీటుతో మోగించే తీగల జత. అన్నిటికన్నా పై స్థాయిది మాత్రం ఒంటి తీగ, మిగతా ఏడూ జతలు. మొత్తం 15 తీగలు, 15 బిరడాలు. వెనక కుండ సన్నటి మేపుల్ బద్దలు అతికించి చేసింది. పై పలక స్ప్రూస్ చెక్క, మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. మధ్యలో ఉండే జాలీని ఆ పలకలోనే తొలిచి చెక్కుతారు. మొత్తం బరువు కిలో లోపే. వీణ పట్టిన చేతులకు ఆ బరువు అసలు తెలియదు. కాకపోతే వెనక గుండ్రంగా ఉండటం వల్ల ఒడిలో నిలవదు, జారిపోతుంది. నేను నడుము మీదుగా ఒక పట్టీ వేసి, తొడ మీద మెత్తటి తోలు గుడ్డ పరుచుకుంటాను. ఆ రెండూ దొరికాక గానీ నా ఎడమ చేతికి స్వేచ్ఛ రాలేదు.

ఎనిమిదే ఎందుకంటే, వాయించాల్సిన సంగీతం అలా ఉంది. 1507లో వెనిస్‌లో పెట్రూచ్చి అచ్చువేసిన స్పినాచినో సంపుటాలే లూట్‌కు మొదటి ముద్రిత పుస్తకాలు. అప్పటికి వాద్యానికి ఆరు కోర్సులే. ఫ్రాన్చెస్కో ద మిలానో రిచెర్కార్లు (పాట లేని వాద్య రచనలు), పారిస్‌లో 1529, 1530ల్లో ఆతెన్యాన్ అచ్చువేసిన నాట్య సంగీతం, ఇవన్నీ ఆరు కోర్సులవే. స్పెయిన్‌లో విహువేలా అనే గిటార్ ఆకారపు వాద్యం కోసం లూయిస్ మిలాన్ 1536లో ప్రచురించినవి కూడా అదే శ్రుతి పద్ధతిలో లూట్ మీద చక్కగా పలుకుతాయి. శతాబ్దం చివరికి కింద ఏడో కోర్సు, ఎనిమిదోది చేరాయి. ఇంగ్లిష్ లూట్ విద్వాంసుడు జాన్ డౌలండ్ రచనల్లో చాలా భాగం ఈ ఎనిమిదిలో ఇమిడిపోతుంది. 1600 తర్వాత పది కోర్సులు వచ్చాయి. పదితో మొదలుపెట్టమని చెప్పేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. మెడ వెడల్పవుతుంది, బొటనవేలు దారి తప్పుతుంది, వాయించని మంద్ర తీగలు వాటంతట అవే మోగుతూ రొద చేస్తాయి. ఆరు కోర్సుల సంగీతానికి ఆరు కోర్సుల లూటే ఉత్తమం, అందులో సందేహం లేదు. కానీ ఒక్క వాద్యమే కొనగలిగేవాళ్లకు ఎనిమిది సరైన సంఖ్య.

శ్రుతి పై నుంచి కిందికి జీ, డీ, ఏ, ఎఫ్, సీ, జీ. ఆ కింద ఎఫ్, డీ. గిటార్ ఉన్నవాళ్లు మూడో తీగను అర స్వరం తగ్గించి, మూడో ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెడితే మొదటి ఆరు కోర్సుల శ్రుతి వచ్చేస్తుంది. డబ్బు పెట్టకముందు ఈ సంగీతం మనకు పడుతుందో లేదో చూసుకోవడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

నాదం చిన్నది. ఈ విషయం ముందే తెలుసుకుని తీసుకోవాలి. పక్క గదిలో టీవీ మోగుతుంటే మంద్ర స్థాయిలో సగం వినపడదు. ఒక్క గదిలో, నలుగురైదుగురు నిశ్శబ్దంగా కూర్చున్నప్పుడు మాత్రం ప్రతి మీటు విడివిడిగా వినిపిస్తుంది. మీటగానే తేటగా పుట్టి త్వరగా తగ్గిపోయే ఆ ధ్వని వల్లే మూడు, నాలుగు స్వరపంక్తులు ఒకేసారి నడుస్తున్నా ఒకదానిలో ఒకటి కలిసిపోవు. గిటార్ మీద అవే రచనలు వాయిస్తే నాకు గజిబిజిగా అనిపిస్తాయి.

వీణ నుంచి వచ్చేవాళ్లకు ఇబ్బంది కుడి చేతి దగ్గర మొదలవుతుంది. మనం గోటితో మీటుతాం. లూట్‌కు వేలి కొన మెత్తదనమే కావాలి, గోరు తగిలితే జతలో ఒక తీగ ముందు, ఒకటి వెనక మోగుతుంది. బొలోన్యాకు చెందిన లూట్ వాదకుడు పిచ్చినీని 1623లోనే గోళ్లతో వాయించమన్నాడు కాబట్టి మినహాయింపులు ఉన్నాయి. అయినా నా వాద్యం మీద అది పనికిరాలేదు. చిటికెన వేలు పై పలక మీద ఆనించి, బొటనవేలు చూపుడువేలి కిందుగా పోనిస్తూ ఆ రెండింటితో మార్చి మార్చి మీటడం 16వ శతాబ్దపు పద్ధతి. అది చేతికి వచ్చాక నడక దానంతటదే కుదురుతుంది. బొటనవేలి మీటు బరువుగా, చూపుడువేలిది తేలిగ్గా పడుతుంది. ఆ హెచ్చుతగ్గులే ఈ సంగీతానికి ప్రాణం. ఎడమ చేతికి మాత్రం తీగ లాగి గమకం పలికించే అవకాశం లేదు. జత తీగలు, తక్కువ బిగువు, లాగితే అపస్వరమే. వీణ వాయించాలనుకున్న రోజుల్లో నేను గోళ్లు పెంచను, వేళ్లకు లోహపు మిజ్రాఫులే తొడుక్కుంటాను. రెండూ సాగించాలంటే ఇదొక్కటే మార్గం.

తీగల సంగతి. అప్పట్లో తీగలంటే గొర్రె పేగుతో చేసినవే. ఇప్పటికీ చేస్తున్నారు, వాటి నాదానికి సాటి లేదు. కానీ పై తీగ త్వరగా తెగుతుంది. జీ శ్రుతిలో 60 సెంటీమీటర్ల పొడవంటే పేగు తీగ తెగే హద్దుకు దగ్గరగానే ఉంటుంది. అందుకే ఆనాటి బోధన పుస్తకాలు పై తీగను తెగకుండా ఎంతవరకు పోతుందో అంతవరకు బిగించి, మిగతా వాటిని దానికి కలపమన్నాయి. ఇంట్లో శాకాహార నియమం పాటించేవాళ్లు పేగు తీగ వద్దనుకోవచ్చు. నైలాన్, కార్బన్, పేగు సాంద్రతను అనుకరించే సింథటిక్ రకాలు ఉన్నాయి. నేను అన్నీ మార్చి మార్చి చూశాను. కార్బన్ శ్రుతి బాగా నిలుపుతుంది గానీ పైస్థాయిలో కరుకుగా పలుకుతుంది. పేగును అనుకరించే సింథటిక్ కొత్తలో సాగుతూ విసిగించినా, సాగడం ఆగాక మాట వింటుంది. ప్రస్తుతం నా వాద్యం మీద అవే ఉన్నాయి. రాగి చుట్టిన మంద్ర తీగలు మాత్రం తీసేశాను. అవి చాలాసేపు మోగుతూ పై పంక్తులను కప్పేస్తాయి. పైగా ఆ రకం తీగలు 17వ శతాబ్దం రెండో సగం దాకా లేనే లేవు.

మెట్లు, అంటే ఫ్రెట్లు, కూడా పేగుతో కట్టేవే. మెడ చుట్టూ ముడి వేసి బిగిస్తారు, అరిగిపోతే మళ్లీ కట్టుకోవాలి. ముడి వేయడం ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. వాటిని ఎక్కడ పెట్టాలన్నది మాత్రం అంత తొందరగా తేలదు. జరపగలిగిన మెట్టు కాబట్టి, రచనను బట్టి గాంధారాలు తీయగా పలికేలా సర్దుకోవచ్చు. కానీ ఒకే మెట్టు ఒక తీగ మీద పెద్ద అర స్వరానికి, ఇంకో తీగ మీద చిన్న అర స్వరానికి పనిచేయాలి. మొదటి మెట్టు దగ్గర ఈ పేచీ ఎక్కువ. విన్చెంజో గలిలేయి, అంటే ఖగోళ శాస్త్రవేత్త గెలీలియో తండ్రి, 1581లో 18:17 నిష్పత్తితో మెట్లన్నీ సమానంగా పెట్టమన్నాడు. అదే శతాబ్దంలో, 1550లో, విజయనగరంలో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో అన్ని రాగాలకూ పనికొచ్చే మేళం, ఒక్కో రాగానికి మెట్లు మార్చుకునే మేళం అంటూ వీణలను విడదీసి చెప్పాడు. తర్వాత తంజావూరులో రఘునాథ నాయకుడి పేరుతో 24 మెట్ల వీణ స్థిరపడింది. మనవాళ్లు మెట్లను మైనంలో నిలిపేశారు, యూరప్ లూట్ వాదకులు జరుపుకునే స్వేచ్ఛను ఉంచుకున్నారు. రెండు చోట్లా చర్చ ఒకటే కావడం నాకు ఎప్పటికీ ఆనందమే. నేను మెట్లను గలిలేయి లెక్కకు కాస్త ఇటూ అటూగా పెట్టి, నాలుగో మెట్టును కొంచెం మేరువు వైపు, అంటే బిరడాల వైపు, జరుపుతాను. నా చెవికి అది చాలు.

ఇక ఈ వాద్యాన్ని వదలలేకపోవడానికి అసలు కారణం, దాని మూల ప్రతులు. లూట్ సంగీతం టాబ్లేచర్‌లో, అంటే వేలు ఎక్కడ పెట్టాలో చూపే లిపిలో, ఉంటుంది. ఆరు గీతలు, ఒక్కో గీత ఒక్కో కోర్సు. ఫ్రెంచ్, ఇంగ్లిష్ ప్రతుల్లో అక్షరాలు: ఏ అంటే ఖాళీ తీగ, బీ అంటే మొదటి మెట్టు. పై గీత పై స్థాయి తీగ. ఇటాలియన్ ప్రతుల్లో అంకెలు, గీతలు తలకిందులు. జర్మన్ పద్ధతిలో గీతలే ఉండవు, ఒక్కో స్థానానికి ఒక్కో గుర్తు. దాని జోలికి నేను ఇంకా పెద్దగా పోలేదు. అక్షరం కింద చుక్క ఉంటే చూపుడువేలి మీటు. అంటే 400 ఏళ్ల కిందటి వాదకుడి చెయ్యి ఎలా కదిలిందో కాగితం మీద ఉంది.

టాబ్లేచర్ చెప్పని విషయం ఒకటుంది. ఏ స్వరం ఎంతసేపు నిలవాలో అది చెప్పదు. తర్వాతి మీటు ఎప్పుడో మాత్రమే పైన గుర్తు ఉంటుంది. మంద్రంలో వేసిన వేలు ఎంతవరకు ఉంచాలి, లోపలి పంక్తి ఎక్కడికి నడుస్తోంది అన్నది వాయించేవాళ్లే వెతుక్కోవాలి. స్టాఫ్ నొటేషన్‌లోకి (అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపిలోకి) మార్చిన ఆధునిక పుస్తకాల్లో ఆ నిర్ణయం సంపాదకులు ముందే చేసేసి ఉంటారు. చదవడానికి సుఖమే, కానీ వెతుకులాట పోతుంది. అందుకే మొదటి నుంచీ పాత ప్రతుల నకళ్లనే ముందు పెట్టుకోమంటాను. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మాథ్యూ హోమ్స్ రాసిన లూట్ పుస్తకాలు ఉన్నాయి. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లోనూ, తర్వాత లండన్ వెస్ట్‌మినిస్టర్ అబే చర్చిలోనూ గాయక బృందాన్ని నడిపించిన మనిషి, 1621లో పోయాడు. వందలాది రచనలు స్వయంగా ఎత్తి రాసుకున్నాడు. ఆ పేజీలన్నీ ఇప్పుడు ఉచితంగా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. కొట్టివేతలు, సిరా మరకలు, తొందరలో వదిలేసిన తాళం గుర్తులు, అన్నీ కనిపిస్తాయి.

ఒకే రచన నాలుగు ప్రతుల్లో నాలుగు రకాలుగా ఉంటుంది. మన కృతులకు పాఠాంతరాలు ఉన్నట్టే. డౌలండ్ లాక్రిమే అనే పవాన్ (నెమ్మదిగా నడిచే నాట్య రచన) 1596లో విలియం బార్లీ పుస్తకంలో అచ్చయింది. మరుసటి ఏడాది తన పాటల పుస్తకం ముందుమాటలో డౌలండ్, తన లూట్ రచనలు తనకు తెలియకుండా తప్పులతో అచ్చయ్యాయని చెప్పుకున్నాడు. మరి ఏది ఆయన పాఠం? నేను మూడు నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని, పునరావృత్తులలో వేసిన అలంకారాలను పోల్చుకుంటూ నా చేతికి నప్పిన పాఠం కూర్చుకున్నాను. ఆ పని నెలల తరబడి సాగింది. ఈ వాద్యం నాకిచ్చిన గొప్ప సంతోషం అదే. 1904లో సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో తెలుగు లిపిలో ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టి రాశారు. లూట్ ప్రతుల్లో అలంకారాల గుర్తులు రాసిన మనిషిని బట్టి మారుతాయి, చాలాచోట్ల అసలు ఉండవు. ప్రదర్శిని ముందు కూర్చున్న అలవాటు ఉన్నవాళ్లకు ఆ లోటు బాగా తెలుస్తుంది.

షికాగోలో న్యూబెర్రీ గ్రంథాలయంలో ఉన్న, కాపిరోలా అనే లూట్ విద్వాంసుడి రచనల ప్రతిని తప్పక చూడండి. సుమారు 1517 నాటిది. దాన్ని రాసిన ఆయన శిష్యుడు అంచుల నిండా జంతువులను, చెట్లను రంగుల్లో వేశాడు. సంగీతం తెలియనివాళ్ల చేతిలో పడ్డా బొమ్మల అందం చూసైనా దాచిపెడతారని కారణం కూడా రాశాడు. ఆ శిష్యుడు అనుకున్నట్టే ఆ పుస్తకం మిగిలింది. మెట్లు కట్టడం గురించి, అలంకారాల గురించి అందులో ఉన్న సలహాలు ఇప్పటికీ పనికొస్తాయి.

నిర్వహణకు ఓపిక కావాలి. చలికాలం హీటర్ వేస్తే చెక్క ఎండి బిరడాలు జారతాయి, తేమ రోజుల్లో బిగుసుకుపోతాయి. సుద్దపొడి, ఎండిన సబ్బు రాస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇంగ్లిష్ లూట్ వాదకుడు థామస్ మేస్ 1676లో, పగలు లూట్‌ను రోజూ పడుకునే పక్కలో రగ్గుకూ కంబళికీ మధ్య ఉంచమని రాశాడు, తేమ తగలకుండా. నేను పెట్టెలో తేమ కొలిచే మీటరు పెట్టి, 50 శాతం దగ్గర ఉండేలా చూస్తాను. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎప్పుడూ వదలొద్దు. కుండ బద్దలను పట్టి ఉంచే సరేసు వేడికి మెత్తబడుతుంది.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. పాత వస్తువుల దుకాణాల్లో లూట్ ఆకారంలో, లోహపు మెట్లతో, ఆరు ఒంటి తీగలతో కనిపించేది 20వ శతాబ్దం తొలినాళ్ల జర్మన్ గిటార్-లూట్, ఈ సంగీతానికి అది కాదు. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా వచ్చేవి బరువుగా ఉంటాయి, పలక మందం, బిరడాలు తిరగవు. అలాంటిదొకటి ఒక మిత్రుడి ఇంట్లో బాగుచేయడానికి ప్రయత్నించాను, పెట్టిన ఖర్చుకు ఫలితం రాలేదు. మంచి తయారీదారుకు ఆర్డర్ ఇస్తే నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఆగాలి. ఈలోగా ఇంగ్లండ్‌లో 1956 నుంచి ఉన్న లూట్ సొసైటీ సభ్యులకు వాద్యాలు అద్దెకు ఇస్తుంది, అమెరికా సొసైటీ కూడా ఇస్తుంది. అక్కడున్న తెలుగువాళ్లు ముందు ఆ దారి చూడండి. వాద్యం ఇంటికి రాగానే డౌలండ్ మీద పడకుండా, ఆతెన్యాన్ నాట్యాలు, ఫ్రాన్చెస్కో చిన్న రిచెర్కార్లు తీయండి.