గ్యాస్ ఉన్నా నక్షత్రాలు పుట్టవెందుకు: బ్లాక్ హోల్ వల్లా, పలుచదనం వల్లా?

గెలాక్సీల్లోకి బయటి నుంచి హైడ్రోజన్ వచ్చి చేరుతూనే ఉంటుంది. అయినా కొన్నిచోట్ల దానికి తగ్గట్టు కొత్త నక్షత్రాలు పుట్టవు. ఎందుకని అడిగితే చాలామంది నడుమ ఉన్న బ్లాక్ హోల్ వైపే వేలు చూపిస్తారు. గ్యాస్ మరీ పలుచగా పరుచుకుందన్న రెండో జవాబును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది అన్యాయమని నా అభిప్రాయం.

బ్లాక్ హోల్ వాదనకు గట్టి సాక్ష్యం పర్సియస్ గెలాక్సీల గుంపు. మన నుంచి సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. దాని నడుమ ఉన్న ఎన్‌జీసీ 1275 అనే గెలాక్సీ చుట్టూ కోట్ల డిగ్రీల వేడి గ్యాస్ ఉంది. ఆ గ్యాస్ చల్లారుతూ లోపలికి జారితే ఏటా వందల సూర్యుళ్లకు సరిపోవాలి. అన్ని నక్షత్రాలు అక్కడ పుట్టడం లేదు. చంద్రా ఎక్స్ రే టెలిస్కోప్ చిత్రాల్లో బ్లాక్ హోల్ దగ్గర నుంచి వేగంగా చిమ్మే ధారలు (జెట్లు) ఊదిన బుడగలు, వాటి చుట్టూ అలలు కనిపించాయి. అవి ధ్వని తరంగాలని 2003లో ప్రకటించారు. సుమారు కోటి ఏళ్లకు ఒక అల! ఆ శక్తే గ్యాస్‌ను చల్లారనివ్వడం లేదు. ఇక్కడ ఈ వాదనకు తిరుగులేదు.

మరి మాలిన్ 1 సంగతి? 1980లలో బయటపడిన ఈ గెలాక్సీలో గ్యాస్ వేడిగా లేదు. చల్లటి హైడ్రోజనే సూర్యుడి బరువుకు 5,000 కోట్ల రెట్లకు పైగా ఉంది, అంటే పాలపుంతలో ఉన్నదానికి ఎన్నో రెట్లు. అయినా కొత్త నక్షత్రాలు కొద్దికొద్దిగానే పుడుతున్నాయి. కారణం దాని వైశాల్యం. అడ్డంగా సుమారు 6.5 లక్షల కాంతి సంవత్సరాలు, పాలపుంత పళ్లెం లక్ష దాకా. వెడల్పు ఆరు రెట్లు దాటితే వైశాల్యం 40 రెట్లు అవుతుంది, గ్యాస్ మాత్రం అన్ని రెట్లు లేదు. బిందెడు నీళ్లు పొలమంతా చల్లినట్టు, ఎక్కడా సొంత బరువుకు కుంగి ముద్దకట్టేంత చిక్కదనం లేదు. దీనికి బ్లాక్ హోల్‌ను లాక్కురావాల్సిన పనేముంది?

కాబట్టి ముందు చూడాల్సింది గ్యాస్ ఏ టెలిస్కోప్‌కు కనిపిస్తోందన్నది. ఎక్స్ రేలో మెరిస్తే బ్లాక్ హోల్ వాదనే మేలు. 21 సెంటీమీటర్ల రేడియో తరంగాల్లో కనిపిస్తే అది చల్లటి హైడ్రోజన్. అప్పుడు నా ఓటు పలుచదనానికే.

ఈ రెండూ గ్యాస్ ఉన్నచోటి మాటలే. అసలు రాక తగ్గితే? పుణే దగ్గరి జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్‌తో మన శాస్త్రవేత్తలు సుమారు 800 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీల హైడ్రోజన్‌ను కొలిచి 2020లో ప్రకటించారు. కొత్తది రాకపోతే వాటి దగ్గరున్నది 100 నుంచి 200 కోట్ల ఏళ్లకే అయిపోతుందని తేలింది. విశ్వమంతటా నక్షత్రాల పుట్టుక ఎందుకు తగ్గిందన్న పెద్ద ప్రశ్నకైతే, పై రెండింటి కంటే ఈ లెక్కే దగ్గరి జవాబని నాకనిపిస్తుంది.