నాలుగంగుళాల ఇంటర్‌కూలర్, మూడు వానాకాలాలు

నా కారులో టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఈ ఇంటర్‌కూలర్‌తో నాకున్న గొడవంతా దాని మందంతోనే. పొడవు బాగుంది, ఎత్తు బాగుంది, వెల్డింగు చూస్తే ముచ్చటేస్తుంది. ఆ నాలుగంగుళాల మందమే మూడేళ్ళుగా ఏదో ఒక రకంగా నా ప్రాణం తీస్తోంది. తయారు చేసినవాళ్ళ పేరు రాయను, ఎందుకంటే తప్పు వాళ్ళది కాదు. మూడంగుళాలది కూడా వాళ్ళ దగ్గరే ఉంది, పన్నెండు వేలు తక్కువకే. ఎలాగూ ఖర్చు పెడుతున్నాం, పెద్దదే తీసుకుందాం అని ఎగబడింది నేనే.

బండి 2018 స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్. కొన్నప్పుడు 230 గుర్రాలు (హార్స్‌పవర్), ట్యూన్ చేయించి, అంటే ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి, డౌన్‌పైప్ (టర్బో వెనకుండే పొగ గొట్టం) మార్చాక 310 దగ్గర. బూస్ట్, అంటే టర్బో గాలిని నొక్కే ఒత్తిడి, 20 పీఎస్ఐ. ఈ బండి నడిపేవాళ్ళకు మిగతావి చెప్పక్కర్లేదు.

32 డిగ్రీల గాలిని 20 పీఎస్ఐకి నొక్కితే టర్బో నుంచి బయటికి వచ్చేసరికి అది 150 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని చల్లార్చి ఇంజన్‌కి పంపడమే ఇంటర్‌కూలర్ పని. ఫ్యాక్టరీది ఫ్యాక్టరీ పవర్‌కి సరిపోతుంది. దాని నెత్తిన ఇంకో 80 గుర్రాలు ఎక్కించింది నేను. అరకు వెళ్ళేటప్పుడు బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యే చోట ఇన్‌టేక్ టెంపరేచర్ (ఇంజన్‌లోకి పోయే గాలి వేడి) 45 చూపించేది, డముకు చేరేసరికి 74. అక్కడికి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) భయపడి ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, వెనక్కి లాగేసేది. 310 గుర్రాల బండి కాస్తా ముక్కుతూ మూలుగుతూ ఎక్కేది. ఒకసారి అరకు జీపువాడొకడు, పైన టాపు మీద మనుషులతో సహా, నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రే ఆర్డర్ పెట్టాను.

కొత్తది బిగించాక అదే ఘాట్, అదే ఎండ, 48 దాటలేదు. కనిపించిన ప్రతివాడికీ ఆ స్క్రీన్ ఫోటో చూపించాను. ఆ పొగడ్త ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే అప్పుడు గమనించనిది ఒకటుంది. బార్ అండ్ ప్లేట్ కోర్, అంటే కడ్డీలూ పలకలూ పేర్చి అతికిన లోపలి భాగం, ఇంత లావైతే అల్యూమినియం దిమ్మే. వేడెక్కడానికి ఎంత టైమ్ తీసుకుంటుందో, చల్లారడానికీ అంతే తీసుకుంటుంది. అనంతగిరిలో టీకి ఆగి పావుగంట తర్వాత స్టార్ట్ చేస్తే, ఇంజన్ వేడంతా పీల్చుకుని కూర్చుని ఉంటుంది. మూడు నాలుగు కిలోమీటర్లు పోయాక గానీ దారికి రాదు.

ఏసీ మీద ఏ ప్రభావం లేదని కూడా అప్పట్లో అందరికీ చెప్పాను. అప్పుడు డిసెంబరు. ఫ్యాక్టరీ ఇంటర్‌కూలర్ కండెన్సర్‌కీ (ఏసీ వేడిని బయటికి వదిలేది) రేడియేటర్‌కీ మధ్యలో ఉంటుంది. ఇది బంపర్ వెనకే, కండెన్సర్‌కి ముందు కూర్చుంది. అంటే గాలి ముందు నాలుగంగుళాల రెక్కల్లోంచి దూరి, వేడెక్కి, ఆ తర్వాతే కండెన్సర్‌కి చేరాలి. మే నెలలో మధ్యాహ్నం మా విశాఖలో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఇరుక్కున్నప్పుడు మా అమ్మ పమిటతో విసురుకుంటూ, "ఏసీ వేశావా, వెయ్యలేదా?" అని అడిగింది. వేశాను, ఫుల్లు మీద. బండి కదిలితే బాగానే ఉంటుంది. కానీ విశాఖ ట్రాఫిక్‌లో బండి కదలడం మన చేతిలో లేదు కదా.

ఇక అసలు కథ.

రెండో ఏడు అక్టోబరులో అన్నవరం వ్రతానికి వెళ్ళి వస్తున్నాం. బండిలో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఒళ్ళో విస్తరాకుల్లో ప్రసాదం. తుని దగ్గర పట్టుకున్న వాన అనకాపల్లి దాకా వదల్లేదు. లారీల వెనకాల, వాటి చక్రాల నీటి తుంపర్లు తాగుతూ, నెమ్మదిగా వచ్చాం. లంకెలపాలెం దాటాక రోడ్డు ఖాళీ కనిపించింది. ట్యాంకర్‌ని దాటుదామని యాక్సిలరేటర్ కింద దాకా తొక్కాను.

బండి ముందుకి దూకలేదు. దగ్గింది. రెండుసార్లు గట్టిగా కుదిపింది, ఇంజన్ లైట్ టకటకా కొట్టుకుంది. వెనక సీట్లోంచి అమ్మ "సత్యదేవా" అంది. పక్కనుంచి మా ఆవిడ ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయమేసింది. పక్కకి తీసి ఆపేసి, రెండు నిమిషాలాగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు ఐడిల్ మీద ఆడుతోంది. కోడ్ చూస్తే మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో ఇంధనం సరిగా మండలేదని. నా బుర్రలో మాత్రం హెడ్ గ్యాస్కెట్ (కూలెంట్ ఇంజన్‌లోకి రాకుండా ఆపే సీలు) పోయింది, లక్షన్నర పోయింది అని లెక్క నడుస్తోంది.

మర్నాడు ఆటోనగర్‌లో నా పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ప్లగ్గులు తీసి చూశాడు, కాయిల్స్ మార్చి మార్చి చూశాడు, కూలెంట్ లెవెల్ చూశాడు. సరిగ్గా ఉంది. ఇంటర్‌కూలర్ కింది గొట్టం క్లాంపు వదులు చేయగానే నీళ్ళు ధారగా కారాయి. పక్కనున్న టీ గ్లాసు పట్టాడు. అర గ్లాసు పైనే. నా గుండె జారిపోయింది. ఆయన వేలు ముంచి, వాసన చూసి, రెండు వేళ్ళ మధ్య రుద్దాడు.

"కూలెంటయితే గులాబీ రంగుండాల, జిడ్డుండాల. దీనికి రంగు నేదు, వాసన నేదు. మంచినీళ్ళే బాబూ. ఏటి, ఇంజన్‌లో చలివేంద్రం ఎట్టావా?"

బయటి నుంచి దూరిన వాన నీళ్ళేమో అని గొట్టాలన్నీ ప్రెషర్ పెట్టి చూశాం. ఎక్కడా లీకు లేదు. ఆ నీళ్ళు గాలిలోవే. ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే విషయం అర్థమైంది. మన ఊళ్ళో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున గాలిలోని ఆవిరి 26 డిగ్రీల దగ్గర నీరవుతుంది. అదే గాలిని 20 పీఎస్ఐకి నొక్కితే ఆ హద్దు 41కి ఎక్కుతుంది. అంటే బూస్ట్‌లో ఉన్న గాలిని 41 కన్నా చల్లబరిస్తే లోపల మంచు బిందువులు పట్టినట్టు నీళ్ళు పడతాయి. పైగా వాన నీటితో బయటి నుంచి తడుస్తూ ఉన్న అంత పెద్ద కోర్! నేను మురిసిపోయి ఫోటోలు తీసిన ఆ చల్లదనమే అర గ్లాసు నీళ్ళు పోగేసింది. నెమ్మదిగా నడిపినంతసేపూ ఇంటర్‌కూలర్ కింది ట్యాంకులో నిలిచి ఉన్నాయి. ఒక్కసారి తొక్కగానే గాలి వేగానికి కొన్ని ముద్దగా లేచి ఇంజన్‌లోకి పోయాయి.

మెకానిక్ కింది ట్యాంకుకి చిన్న బోల్టు పట్టేలా బుష్ వెల్డింగ్ చేశాడు. జూన్ నుంచి నవంబరు దాకా నెలకోసారి విప్పి వంపేస్తాను. ఎక్కువసార్లు చెంచాడే వస్తుంది. మళ్ళీ మిస్‌ఫైర్ రాలేదు.

సైజు విషయానికొస్తే, 600 హెచ్‌పీ, 800 హెచ్‌పీ అని డబ్బా మీద అచ్చేసే అంకెలు చూసి మోసపోకండి. లోపల ఎంత గాలి పారుతుందో అది చెబుతుందేమో గానీ, వరసగా మూడోసారి తొక్కినప్పుడు ఎంత చల్లబరుస్తుందో చెప్పదు. మోటు లెక్క ఏమిటంటే పది గుర్రాలకు నిమిషానికి ఒక పౌండు గాలి. నాకు 31 పౌండ్లు చాలు. నేను కొన్నది దానికి రెట్టింపు మోయగలదు. చల్లదనం ఎక్కువగా ఎదురు గాలి తగిలే ముఖం వైశాల్యం నుంచే వస్తుంది. మందం పెంచితే వెనక సగానికి చేరేది ముందు సగం వేడి చేసేసిన గాలే. కాబట్టి బంపర్ వెనక ఎంత ఎత్తు, ఎంత వెడల్పు పడుతుందో టేపు పెట్టి కొలుచుకుని, అది నింపాకే మందం గురించి ఆలోచించాలి. నాలాంటి 300 చిల్లర బండికి మూడంగుళాలు ధారాళం.

పెద్దదైతే లాగ్ వస్తుందని, అంటే తొక్కాక పవర్ ఆలస్యంగా అందుతుందని కూడా భయపెడతారు. నాకు తెలిసేంత తేడా లేదు. 3000 ఆర్‌పీఎం దగ్గర రెండు లీటర్ల ఇంజన్ సెకనుకి 50 లీటర్లు మింగుతుంది, అదనంగా వచ్చిన నాలుగు లీటర్ల ఖాళీ నిండడానికి ఎంతసేపు? చూడాల్సింది ప్రెషర్ డ్రాప్, అంటే ఇంటర్‌కూలర్ దాటేసరికి గాలి ఒత్తిడి ఎంత తగ్గిందో. నాకు టర్బో దగ్గరకీ మానిఫోల్డ్‌కీ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) మధ్య ఒకటిన్నర పీఎస్ఐ తేడా ఉంది, ఫర్వాలేదు.

ఇంకొకటి, మాది విశాలాక్షినగర్. సముద్రపు గాలికి రెక్కల మీద తెల్లటి పొడి పట్టింది. వారానికోసారి మామూలు పైపు నీళ్ళతో కడుగుతున్నా. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి, ఓ మూల నేను వంచుకున్నాను కూడా.

మరి తీసేయొచ్చు కదా అంటారు. నెలకి రెండుసార్లు ఘాట్ ఎక్కుతాను, అక్కడ మాత్రం దీని మీద మాట పడనివ్వను. రోజూ బీచ్ రోడ్డు మీద ఆఫీసుకి వెళ్ళి రావడమే మీ పని అయితే, ఫ్యాక్టరీ ట్యూన్ మీదే ఉంటే, అసలు దీని జోలికే రావద్దు. హైదరాబాద్‌లో మా బావమరిది దీని మీద కన్నేశాడు. అక్కడ గాలిలో ఇంత చెమ్మ ఉండదు, వాడికి నాకన్నా బాగా పనికొస్తుందేమో. మూడంగుళాల దానికి డబ్బు సర్దుబాటయ్యాక చూద్దాం అన్నాను. ఈలోగా ఆటోనగర్ వెళ్ళినప్పుడల్లా మా మెకానిక్ టీ గ్లాసు చేతిలో పట్టుకునే ఎదురొస్తున్నాడు.