మూడేళ్లు టర్ఫ్ నడిపాక చెప్తున్నా: ఏ ప్రచారం జనాన్ని తెచ్చింది, ఏది తేలేదు

మాది గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న క్రికెట్ గ్రౌండు, టర్ఫ్ అంటారు. దాని గేటు పక్కన చిన్న గది ఉంది, అందులో టేబుల్ మీద ఒక పొడుగు లెక్కల పుస్తకం ఉంటుంది. తేదీ, స్లాట్, పేరు, ఫోన్ నంబరు, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, ఇవి అందరూ రాసుకునేవే. మా పుస్తకంలో చివర ఇంకో గడి ఉంది, "ఎలా తెలిసింది?" అని. ఫోన్ చేసిన ప్రతి కొత్త మనిషినీ అడుగుతాం, చెప్పింది చెప్పినట్టు రాస్తాం. "మ్యాప్‌లో చూశా", "మా బావ ఆడాడంట", "ఇన్‌స్టాలో", "హైవే మీద పోతుంటే లైట్లు కనపడ్డాయి". నేనిక్కడ రాసేదంతా ఆ గడిలోంచి తీసిందే.

2022 దసరాకి రాజమండ్రిలో లాలాచెరువు వైపు, హైవేకి కొంచెం లోపలగా, నేనూ మా తమ్ముడూ కలిసి బాక్స్ క్రికెట్ టర్ఫ్ పెట్టాం. 100 అడుగుల పొడుగు, 60 అడుగుల వెడల్పు, చుట్టూ పైనా నెట్టు, ఎల్‌ఈడీ లైట్లు. గంటకి పగలు 600, రాత్రి 1,000, శని ఆదివారాలు రాత్రి 1,200. గడ్డికీ లైట్లకీ అప్పు చేశాం కాబట్టి మొదటి నెల నుంచే స్లాట్లు నిండాలని ఒకటే టెన్షన్. ఆ టెన్షన్‌లో ఎవరేం చెప్తే అది చేశాం. కరపత్రాలు వేశాం, ఫ్లెక్సీలు కట్టాం, ఆటోకి మైకు పెట్టి తిప్పాం, లోకల్ కేబుల్లో స్క్రోలింగ్ వేయించాం, ఇన్‌స్టాలో ప్రమోషన్ పెట్టాం, మూడు నెలల్లో 70 వేలు దాటిపోయింది. జనం రాలేదని కాదు, వచ్చారు. ఎవరు దేన్ని చూసి వచ్చారో తెలీదు, అదీ సమస్య. నాలుగో నెలలో స్కేలు పెట్టి ఆ గడి గీశాం.

కరపత్రాల సంగతి ముందు చెప్పేస్తా. మొదట 5,000 కొట్టించి పేపర్లో పెట్టించాం. పొద్దున్నే పేపరు తెరిచేది ఇంట్లో పెద్దాయన, రాత్రి పది దాకా ఆడే కుర్రాడు ఆ టైముకి ఇంకా నిద్ర లేవడు. గడి గీశాక ఇంకో 2,000 వేయించి చూస్తే పేపర్లో చూశామని ఫోన్ చేసింది నలుగురే, ఆ నలుగురూ కూడా పిల్లలకి సమ్మర్ కోచింగ్ ఉందా అని అడిగిన తండ్రులు. అప్పటినుంచి ఏటా ఏప్రిల్లో ఒక్కసారి, సమ్మర్ క్యాంప్ కోసం మాత్రమే కరపత్రం వేస్తున్నాం, దానికి బాగా పని చేస్తుంది. ఆటో మైకు, కేబుల్ స్క్రోలింగ్, ఈ రెండిటి పేరూ ఆ గడిలో ఒక్కసారి కూడా పడలేదు. ఫ్లెక్సీల్లో ఊళ్లో కట్టినవి దండగే, మున్సిపాలిటీ పర్మిషన్ తలనొప్పి దానికి అదనం. మా సందు మలుపులో బాణం గుర్తుతో పెట్టించిన రేకు బోర్డు మాత్రం బంగారం. దానికైన ఖర్చు ఎప్పుడో తిరిగొచ్చింది.

ఇప్పుడు గూగుల్. ఖర్చు సున్నా, వచ్చిన కొత్త జనంలో సగానికి దగ్గర ఇదే. కానీ మొదటి రెండు నెలలూ మా తప్పు వల్ల మాకే ఎదురు తిరిగింది. గూగుల్లో మా టర్ఫ్ వివరాల పేజీ, అదే బిజినెస్ ప్రొఫైల్, చేసేటప్పుడు మ్యాప్‌లో పిన్ను నేనే పెట్టాను, హైవేకి అవతలి వైపు పడింది, చూసుకోలేదు. ఫోన్లో చూస్తే గోరంత తేడా. రోడ్డు మీద మధ్యలో డివైడరు, తిరిగి రావాలంటే చాలా దూరం పోయి యూటర్న్ తీసుకోవాలి. ఏడు గంటల స్లాట్‌కి ఆరు బైకుల మీద బయల్దేరిన పన్నెండు మంది అవతలి ఖాళీ స్థలం దగ్గర నిలబడి "అన్నా, ఇక్కడేం లేదే" అని ఫోన్ చేసేవాళ్లు. మా తమ్ముడు ఇటువైపు నిలబడి టార్చి ఊపేవాడు. వాళ్లు వచ్చేసరికి ఏడుంబావు, వెనక ఎనిమిదింటికి ఇంకో టీము రెడీగా ఉంటుంది, పావుగంట పోయిందని గొడవ. ఒకరోజు నేనే కారెక్కి, మ్యాప్ ఎటు చెప్తే అటు పోయి చూశాను, అప్పుడు తెలిసింది. పిన్ను జరిపి సరిగ్గా మా గేటు ముందు పెట్టాను. కొత్తగా ఏ వ్యాపారం పెట్టినవాళ్లయినా, మీ బిజినెస్ పేరు మ్యాప్‌లో కొట్టి మీరే ఒకసారి బండి వేసుకుని రండి, రాత్రిపూట రండి.

ఫోటోలు కూడా అంతే. మొదట పగలు తీసినవి పెట్టాం, ఖాళీ గడ్డి, నెట్టు, ఏదో కోళ్ల ఫారంలా ఉంది. తర్వాత రాత్రి లైట్లు వేసి, ఆడుతున్నప్పుడు గేటు వైపు నుంచి తీసినవి పెడితే, మ్యాప్‌లో చూశామని చేసే ఫోన్లు వారంలోనే పెరిగాయి. పార్కింగ్ ఫోటో ఒకటి, వాష్‌రూమ్ ఫోటో ఒకటి తప్పకుండా పెట్టండి. ఫ్యామిలీతో వచ్చేవాళ్లు అది చూసే ఫోన్ చేస్తారు, ఈ మాట నాతో చాలామంది అన్నారు.

రివ్యూల విషయంలో, డిస్కౌంట్ ఇచ్చి రాయించుకోవద్దు, అది గూగుల్ రూల్స్‌కి విరుద్ధం కూడా. మేం క్యూఆర్ కోడ్ ప్రింటు తీసి చెప్పుల స్టాండు పైన, కళ్లకి ఎదురుగా అంటించాం. మ్యాచ్ అయ్యాక చెమటలు కక్కుకుంటూ కూర్చుని షూ లేసులు విప్పుతారు కదా, ఆ రెండు నిమిషాలు. అంతకు ముందు కౌంటర్ మీద అంటిస్తే ఎవరూ పట్టించుకోలేదు. చెడ్డ రివ్యూ వచ్చినా భయపడక్కర్లేదు. "ఒక మూల వెలుగు తక్కువ, బంతి కనపడట్లేదు" అని ఒకాయన రెండు స్టార్లు ఇస్తే, లైటు మార్చి, మార్చామని అక్కడే జవాబు రాసి, ఆయన్ని పిలిచాం. ఆయన టీము ఇప్పటికీ వస్తుంది.

బుకింగ్ యాప్ ఒకటి వాడాం, పేరు వద్దు. కమిషన్ సంగతి పక్కన పెట్టండి, ఒక ఆదివారం రాత్రి ఏడింటికి మేం ఫోన్లో ఇచ్చిన స్లాట్‌నే యాప్ ఇంకొకళ్లకి ఇచ్చింది. గేటు దగ్గర రెండు టీములు, ఇరవైమందికి పైగా, అందరి చేతుల్లో బ్యాట్లు. మేం ముందే ఆ స్లాట్ బ్లాక్ చేశాం, యాప్‌లో అది పడలేదు. ఒక టీముకి డబ్బు వెనక్కిచ్చి, మర్నాడు గంట ఉచితంగా ఇచ్చి బతిమాలుకున్నాం. అలాగని యాప్ వద్దని చెప్పను. బదిలీ మీద వచ్చిన బ్యాంకువాళ్లు, కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్లు, ఇక్కడ ఎవరూ తెలియనివాళ్లు దాంట్లోనే వెతుకుతారు. ఇప్పుడు యాప్‌లో పొద్దుటి స్లాట్లే పెడతాం. సాయంత్రం ఆరు నుంచి పూర్తిగా మా చేతిలోనే.

ఇన్‌స్టాగ్రామ్‌లో డబ్బు పోగొట్టుకున్నది మా తెలియనితనం వల్లే. డబ్బు కడితే రీల్‌ని ఎక్కువమందికి చూపిస్తుంది కదా, రీల్ కింద ఉన్న ఆ బూస్ట్ బటన్ నొక్కి, దూరం 40 కిలోమీటర్లు పెట్టేశాం. లైకులు కుప్పలు తెప్పలుగా వచ్చాయి, బుకింగ్ ఒక్కటీ లేదు. గంట ఆట కోసం అంత దూరం నుంచి ఎవరొస్తారు? తర్వాత ఇన్‌స్టా ప్రకటనలు పెట్టే యాడ్స్ మేనేజర్లో మా గేటు మీద పిన్ను పెట్టి, చుట్టూ 6 కిలోమీటర్లు, వయసు 18 నుంచి 35, నొక్కితే నేరుగా వాట్సాప్‌కి వచ్చేలా పెట్టాం, అప్పుడు కదిలింది. రోజుకి 200 చొప్పున, వారంలో గురు, శుక్రవారాలు మాత్రమే. వీకెండ్ ప్లాను వేసుకునేది ఆ రెండు రోజుల్లోనే. పైన 18 శాతం జీఎస్టీ పడుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. ఊరి పేరుతో నడిచే పేజీ ఒకదానికి 4,000 ఇచ్చి వీడియో చేయించాం, రెండు రోజులు ఫోన్ ఆగలేదు, మూడో రోజు నుంచి మామూలే. తొలి నెలలో అయితే చేయించుకోండి, ప్రతి నెలా అక్కర్లేదు.

డబ్బు పెట్టకుండా పని చేసే రీల్ ఒకటుంది. వచ్చిన టీము ఆటలోంచి ఆఖరి ఓవర్లో కొట్టిన సిక్సో, నెట్టుకి తగిలి చేతిలో పడిన క్యాచో, పదిహేను సెకన్లు తీసి, ఆ కుర్రాడిని ట్యాగ్ చేసి పెట్టడం. అతను తన స్టోరీలో పెట్టుకుంటాడు, ఫ్రెండ్సు "ఎక్కడ్రా ఇది" అంటారు. మేం అందంగా ఎడిట్ చేయించిన డ్రోన్ వీడియో కంటే ఇవే పని చేశాయి.

అసలు విషయం ఇక్కడుంది. ఏడాది పాటు ఆ గడి నింపాక పుస్తకం తిరగేస్తుంటే ఒకటి అర్థమైంది. నాకు కావలసింది క్రికెట్ ఆడేవాళ్లు అనుకున్నా. ఆడేవాళ్లు ఊరంతా ఉన్నారు. ప్రతి టీములో ఒక్కడు ఉంటాడు, పదకొండు మందికీ ఫోన్లు చేసేవాడు, రానన్నవాడిని బతిమాలేవాడు, అడ్వాన్స్ ముందు తన జేబులోంచి ఫోన్‌పే కొట్టి తర్వాత తలా వంద వసూలు చేసుకునేవాడు. మేం వాళ్లని కెప్టెన్లు అంటాం, బ్యాటింగ్ రాకపోయినా సరే. మా దగ్గరికొచ్చే డబ్బంతా ఓ 90 మంది కెప్టెన్ల ఫోన్ల నుంచే వస్తోంది. అప్పటినుంచి ఏ ప్రచారాన్నయినా, ఇది ఒక కెప్టెన్ దాకా పోతుందా పోదా అని మాత్రమే చూస్తున్నా.

కాబట్టి వాట్సాప్‌కే నా మొదటి మార్కు. మొదట పెద్ద గ్రూపు పెట్టాం, 200 మంది దాకా చేరారు. గుడ్ మార్నింగులు, రాజకీయాలు, ఓడిన టీముని ఏడిపించడం, మంచివాళ్లంతా మ్యూట్ చేసుకున్నారు. ఆ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టేసి, కెప్టెన్లకి వేరే బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేశాం, అంటే ఒక్క మెసేజ్ పెడితే అందరికీ విడివిడిగా చేరుతుంది. ఒక లిస్టులో 256 మందే పడతారు, మాకు అంతకంటే అక్కర్లేదు. ఒక మెలిక ఉంది. మన నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. అందుకే అడ్వాన్స్ పడగానే, "అన్నా నంబరు సేవ్ చేసుకోండి, ఎవరైనా క్యాన్సిల్ చేస్తే ముందు మీకే చెప్తాం" అంటాం. అన్నట్టే చేస్తాం కూడా. సాయంత్రం నాలుగింటికి ఎవరో ఒకరు రాలేమంటారు, "ఈ రోజు 8 నుంచి 9 ఖాళీ" అని ఒక్క లైను పెడితే ఆరు లోపే పోతుంది. వారానికి రెండు మెసేజ్‌లకి మించి పెట్టం, రాత్రి పది దాటాక అసలు పెట్టం.

కెప్టెన్‌కి ఏమిస్తే నిలబడతాడు అంటే, డిస్కౌంట్ ఇస్తే దాన్ని టీమంతా పంచుకుంటుంది, అతనికి మిగిలేదేం లేదు. అతని పని తగ్గించాలి. కొత్త బంతులు, టేపు, చల్లటి వాటర్ క్యాను, రెండు మంచి బ్యాట్లు మా దగ్గరే పెట్టాం, ఇక అతను ఏమీ మోసుకురానక్కర్లేదు. పది స్లాట్లకి ఒకటి ఉచితం, అదీ కెప్టెన్ పేరు మీదే.

కొత్త కెప్టెన్లు ఎక్కడ దొరుకుతారో వెతుక్కుంటూ నేనే తిరిగాను. మా ఊరి తాడితోటలో బట్టల షాపుల్లో పని చేసే కుర్రాళ్లకి షాపు కట్టేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. మాకు అప్పట్లో పది నుంచి పదకొండు స్లాట్ ఖాళీగా ఉండేది. ఒక సాయంత్రం వెళ్లి నాలుగు షాపుల్లో మాట్లాడి, షాపుకీ షాపుకీ మ్యాచ్ పెడదామన్నా. ఆ స్లాట్ ఇప్పుడు వారానికి నాలుగు రోజులు వాళ్లదే, పైసా యాడ్ లేదు. కాలేజీల్లో ఆటలు చూసుకునే పీడీ గార్లని కలిశాను, మెడికల్ రెప్‌లని, చర్చి యూత్‌ని, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లని కలిశాను. రెప్‌లు బాగా నిలబడ్డారు, కాలేజీలవాళ్లు మార్చి వచ్చి పరీక్షలనగానే మాయం. 16 టీముల టోర్నమెంట్ రెండుసార్లు పెట్టాం, ప్రైజ్ మనీ, అంపైర్లు, అన్నీ పోను చేతి నుంచే కొంత పడింది. కానీ ఒక్క వారాంతంలో 16 మంది కెప్టెన్ల నంబర్లు వచ్చాయి, వాళ్లలో సగం మంది ఇప్పటికీ ఆడుతున్నారు. నాకది యాడ్ కంటే చవక.

సంక్రాంతికి అసలు ప్రచారమే అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి ఇంటికొచ్చిన చిన్ననాటి గ్యాంగులు ఒక్కసారి కలుస్తాయి, ఆ నాలుగు రోజులూ అర్ధరాత్రి దాకా అడుగుతారు. పది రోజుల ముందు స్టేటస్ పెడితే చాలు. దానికి సరిగ్గా వ్యతిరేకం మే నెల మధ్యాహ్నాలు. రాజమండ్రి ఎండకి గడ్డి మీద కాలు పెట్టలేం. హ్యాపీ అవర్ అన్నాం, సగం రేటు అన్నాం, రెండేళ్లు కొట్టుకున్నాం. ఆ స్లాట్ ప్రచారంతో నిండదు, దాని మీద పైసా పెట్టొద్దు. పొద్దున్న ఐదున్నరకి గేటు తీయడం మొదలుపెడితే ఆ లోటు కొంత తీరింది.

ఇప్పుడు నెలకి ప్రచారం ఖర్చు 3,000 లోపే. ఇన్‌స్టా యాడ్‌కి 2,000 చిల్లర, మిగతాది బంతులకీ నీళ్లకీ. వాట్సాప్‌కి పదికి తొమ్మిది, గూగుల్‌కి తొమ్మిది, సందు మలుపు బోర్డుకి ఎనిమిది, ఇన్‌స్టాకి ఆరు, యాప్‌కి నాలుగు ఇస్తా. ఇంకా నా చేతకానిది ఒకటుంది, ఆడపిల్లల టీములు. అడిగేవాళ్లున్నారు, పొద్దున స్లాట్ విడిగా పెట్టాం, రెండు వారాలు వచ్చి ఆగిపోయారు. వాళ్లలో కెప్టెన్ ఎవరో నాకు దొరకలేదు. చిన్న ఊళ్లో ఎవరైనా దీన్ని నిలబెట్టి ఉంటే, ఎవరి ద్వారా మొదలుపెట్టారో చెప్పండి, రేపే వెళ్లి మాట్లాడతా.