న్యూరెంబర్గ్‌లో నాలుగు రోజులు: కోటలో బస, 600వ నంబరు న్యాయస్థానం, పూర్తికాని సభాభవనం

2024 మే నెలలో క్రీస్తు స్వర్గారోహణ దినం గురువారం నాడు వచ్చింది. శుక్రవారం మాకు తరగతులు లేకపోవడంతో ఆదివారం దాకా నాలుగు రోజుల సెలవు దొరికింది. జర్మనీలోని కెమ్నిట్స్‌లో ఎం.ఎస్. చదువుతున్న నేనూ, నా రూమ్మేటూ ఆ సెలవును న్యూరెంబర్గ్‌కు కేటాయించాము. అప్పట్లో నెలకు 49 యూరోలు ఉన్న, దేశమంతటా చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ మా ఇద్దరి దగ్గరా ఉన్నందువల్ల ప్రయాణానికి వేరే ఖర్చు కాలేదు. అయితే ఆ టికెట్ ప్రాంతీయ రైళ్ళకే తప్ప ఐ.సి.ఇ. వంటి వేగపు రైళ్ళకు చెల్లదు. అందుచేత హోఫ్‌లో రైలు మారి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తింటూ, దాదాపు నాలుగున్నర గంటలకు చేరుకున్నాము. నగరంలోని మెట్రోలోనూ ట్రాములలోనూ అదే టికెట్ చెల్లుతుంది కాబట్టి అక్కడ కూడా మళ్ళీ టికెట్ కొనవలసిన అవసరం రాలేదు.

మొదటి రాత్రి స్టేషను దగ్గర ఒక ప్రైవేటు హాస్టల్‌లో దిగడం మేము చేసిన పొరపాటు. బుక్ చేసేటప్పుడు అద్దె తక్కువగానే కనిపించింది గాని, తీరా వెళ్ళాక దుప్పటికి, తువ్వాలుకు, సామాను పెట్టుకునే లాకరుకు విడివిడిగా డబ్బు కట్టించుకున్నారు. రాత్రి పదింటి తర్వాత అక్కడ పలికే మనిషే లేడు. మా గది తలుపు తాళం పడకపోతే ఎవరిని అడగాలో తెలియక తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాము. ఆడపిల్లలు వెళ్ళేటప్పుడు రాత్రి రిసెప్షన్‌లో మనిషి ఉంటారా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

మిగిలిన రెండు రాత్రులు కోటలోని యూత్ హాస్టల్‌లో గడిపాము. 1494-95లో నగరపాలకులు ధాన్యాగారంగా కట్టించి, చక్రవర్తి వచ్చినప్పుడు గుర్రపుశాలగా వాడిన భవనం అది. రెండవ ప్రపంచ యుద్ధంలో ధ్వంసమైనదానిని తిరిగి నిర్మించారు. బస చేయడానికి యూత్ హాస్టళ్ళ సంఘం సభ్యత్వ కార్డు ఉండాలి. పడక దుప్పట్లు, ఉదయపు ఫలహారం అద్దెలోనే వస్తాయి. రొట్టె, చీజు, పెరుగు, పండ్లు కడుపునిండా తిని బయలుదేరితే సాయంత్రం దాకా ఆకలి తెలియలేదు. రాళ్ళు పరిచిన నిటారు వీధి గుండా ఎక్కవలసి ఉంటుంది కనుక చక్రాల పెట్టె కాక వీపున వేసుకునే సంచి మంచిది. ఆ ఎక్కుడు శ్రమ పోనిచ్చి చూస్తే, అదే ఖర్చులో ఆ నగరంలో దానికి సాటి వచ్చే బస నాకు కనిపించలేదు.

కోటలో రాజమందిరపు గదుల కన్నా లోతు బావి నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది. దాదాపు 50 మీటర్ల లోతున రాతిని తొలిచిన బావి అది. గైడ్ చెంబెడు నీళ్ళు వదిలి, అవి అడుగును తాకిన చప్పుడు వినిపించేదాకా మమ్మల్ని నిశ్శబ్దంగా ఉండమన్నారు. ఆ తర్వాత కొవ్వొత్తులు పెట్టిన పళ్ళాన్ని మెల్లగా దించుతుంటే గోడలు అంచెలంచెలుగా వెలుగులోకి వచ్చాయి. గుండ్రని జిన్వెల్ బురుజు పైనుంచి ఎర్రటి పెంకుల ఇళ్ళు చూసినప్పుడు ఇదంతా మధ్యయుగాల నాటిదేనని ఎవరైనా నమ్ముతారు. నిజానికి 1945 జనవరి 2 నాటి బాంబుదాడితో పాత నగరంలో అధికభాగం నేలమట్టమైంది. మనం చూస్తున్నది చాలావరకు పట్టుదలతో మళ్ళీ కట్టుకున్న ఊరు. జేబాల్డుస్ చర్చి లోపల ఆనాటి శిథిలాల ఫోటోలు ఉంచారు. వాటిని చూసి తల ఎత్తి కప్పు వంక చూస్తే ఆ పని ఎంతటిదో అర్థమవుతుంది.

ప్రధాన కూడలిలోని ఫ్రౌయెన్‌కిర్హె చర్చి గడియారం ముందు రోజూ మధ్యాహ్నం పన్నెండు గంటలకు జనం గుమికూడతారు. చక్రవర్తిని ఎన్నుకునే హక్కు ఉన్న ఏడుగురు ప్రభువుల (ఎలెక్టర్ల) బొమ్మలు నాలుగవ చార్లెస్ చక్రవర్తి చుట్టూ తిరుగుతాయి. ఆయన 1356లో జారీ చేసిన, ఆ ఎన్నిక పద్ధతిని నిర్ణయించిన స్వర్ణశాసనానికి అది జ్ఞాపకం. చూడముచ్చటైన వేడుకే, పది నిమిషాల ముందు వెళ్ళి నిలబడితే చాలు. అయితే అదే చోట అంతకు ముందు యూదుల ప్రార్థనాలయం ఉండేదనీ, 1349లో కనీసం 562 మంది యూదులను చంపి, ఆ ప్రార్థనాలయాన్ని కూల్చి, ఆ స్థలంలోనే చర్చి కట్టారనీ తెలిశాక నాకు ఆ బొమ్మల మీద మనసు నిలవలేదు. అక్కడికి వెళ్ళేవారు ఈ సంగతి తెలుసుకుని వెళ్ళాలి.

శుక్రవారం ఉదయమంతా న్యాయభవనానికి ఇచ్చాము. మెట్రోలో బేరెన్‌షాంజె స్టేషన్‌లో దిగితే నడిచేంత దూరం. 1945 నవంబరు 20 నుంచి 1946 అక్టోబరు 1 వరకు నాజీ అగ్రనాయకుల విచారణ జరిగిన 600వ నంబరు న్యాయస్థానం ఇక్కడే ఉంది. ఇంత ధ్వంసమైన నగరంలో విశాలమైన న్యాయభవనం, దానికి ఆనుకుని జైలు మిగిలి ఉండడం ఈ చోటును ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణమట. గదిని మొదట చూడగానే ఇంత చిన్నదా అనిపించింది, ఎందుకంటే విచారణ కోసం తొలగించిన గోడను తర్వాత మళ్ళీ కట్టేశారు. పైఅంతస్తు ప్రదర్శనలో నిందితులు కూర్చున్న బల్లలలో కొంత భాగం ఉంది. ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ భాషలలో ఏకకాలంలో అనువాదం ఎలా సాగిందో వివరించే భాగం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మరో భాషలో చదువుకుంటూ, మనసులో మాట సరైన పదంలో చెప్పలేక రోజూ తడబడే నాకు, ఒక మనిషి ప్రాణం ఆధారపడిన వాక్యాన్ని క్షణంలో మరో భాషలోకి మార్చిన ఆ యువ అనువాదకుల ధైర్యం కదిలించింది. ఆడియో గైడ్ తప్పక తీసుకోవాలి, రెండున్నర గంటలైనా ఉంచుకోవాలి. మంగళవారం సెలవని గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం ట్రాములో నాజీ పార్టీ సభలు జరిగిన మైదానాలకు వెళ్ళాము. 50,000 మంది పట్టేలా తలపెట్టి, పూర్తిచేయకుండా వదిలేసిన సభాభవనం గుర్రపునాడా ఆకారంలో నిలబడి ఉంది. డాక్యుమెంటేషన్ కేంద్రం దాని ఒక కొనలో ఉంది. రాతి గోడలను బల్లెంలా చీల్చుకుంటూ పోయే గాజు, ఉక్కు నడవను వాస్తుశిల్పి గ్యుంటర్ డోమెనిగ్ రూపొందించారు. పునరుద్ధరణ పనుల వల్ల మేము చూసింది తాత్కాలిక ప్రదర్శనే అయినా విషయానికి లోటు లేదు. అక్కడినుంచి చెరువు పక్కగా నడిచి నాజీ సభలు జరిగిన జెప్పెలిన్ మైదానం మెట్లపై కూర్చున్నాము. గడ్డి మొలిచిన ఆ రాళ్ళ మీద పిల్లలు బంతి ఆడుతున్నారు. నగరం దీనిని పూర్తిగా పడగొట్టనూ లేదు, మెరుగుపెట్టనూ లేదు. సమాచార ఫలకాలు పెట్టి చూపిస్తున్నది. ఆ నిర్ణయం పట్ల నాకు గౌరవం కలిగింది. ఒక్క రోజే ఉన్నవారు కోట వదులుకుని అయినా న్యాయభవనానికీ ఈ మైదానాలకూ వెళ్ళాలని నా అభిప్రాయం.

భోజనం విషయానికి వస్తే, వేలెడు పొడవున్న చిన్న సాసేజీలు ఈ ఊరి ప్రత్యేకత. మూడింటిని బన్నులో పెట్టి ఇస్తారు, నాకు రుచించాయి. నా రూమ్మేటు శాకాహారి. బంగాళాదుంప ఉండలు తినవచ్చుననుకుంటే వాటిపై పోసేది మాంసపు రసమని అడిగాక తెలిసింది. మే నెల కావడం ఆమెకు కలిసివచ్చింది. నగరానికి ఉత్తరాన ఉన్న క్నోబ్లౌఖ్స్‌లాండ్ తోటల తెల్ల ఆస్పరాగస్‌ను ఉడికించి, వెన్నతో, బంగాళాదుంపలతో వడ్డిస్తారు. దానితో ఇచ్చే పందిమాంసపు హామ్ వద్దని ముందుగా చెప్పాలి. పండుగ సెలవైన ఆ గురువారమూ, ఆదివారమూ దుకాణాలు మూసి ఉన్నాయి కనుక నీళ్ళూ పండ్లూ ప్రధాన స్టేషను లోపలి దుకాణాలలో కొన్నాము.

చిత్రకారుడు డ్యూరర్ 1509 నుంచి 1528లో మరణించేదాకా నివసించిన ఇంటికి గంట చాలు. జర్మన్ జాతీయ మ్యూజియానికి మాత్రం మేము అన్యాయమే చేశాము. ఆదివారం రైలుకు ముందు మిగిలిన రెండు గంటలలో, ఇప్పటికీ మిగిలి ఉన్న గ్లోబులలో అతి పాతదైన, అమెరికా ఖండాలు లేని బెహైమ్ భూగోళాన్ని చూసేసరికి సమయం అయిపోయింది. ఆ మ్యూజియం బయట వీధిలో మానవ హక్కుల ప్రకటనలోని 30 అధికరణాలను వేర్వేరు భాషలలో చెక్కిన తెల్లని స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. సంచులు వీపున వేసుకుని, ఒక్కొక్క స్తంభం దగ్గరా అది ఏ భాషో పోల్చుకోవడానికి ప్రయత్నిస్తూ, ఆ వీధి పొడవునా నడిచి స్టేషనుకు వెళ్ళాము.