ద్వారకానగర్ పాడ్‌కాస్ట్ స్టూడియో: ఆడవాళ్ళ మాటలు రికార్డు చేసేవాళ్ళ కోసం నా రివ్యూ

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఉన్న ఈ స్టూడియో ఎలా ఉందో చెప్పమని మా గ్రూపులో చాలామంది అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా. మైకులు, కెమెరాలు, లైట్ల గురించి నా దగ్గర ఎక్కువ దొరకదు, అవి బాగానే ఉన్నాయి, ష్యూర్ కంపెనీ మైకులు, గోడలకి ఫోమ్, కింద రోడ్డు మీద ఆటోల హారన్లు లోపలికి రావు, అక్కడితో సరి. నేను చూసేది వేరే. మాది ఆడవాళ్ళ అనుభవాలు రికార్డు చేసే చిన్న పాడ్‌కాస్ట్. వచ్చేవాళ్ళలో చాలామంది మైకు ముందు ఎప్పుడూ కూర్చోనివాళ్ళు, చెప్పేవి సొంత అక్కచెల్లెళ్ళకి కూడా చెప్పుకోనివి. అలాంటి మనిషి నోరు తెరిచి చెప్పాక ఆ రికార్డింగు ఎవరి చేతిలో ఉంటుంది, ఎక్కడికి పోతుంది, వద్దంటే ఆపుతారా ఆపరా, దీన్ని బట్టే నేను స్టూడియోకి మార్కులేస్తా.

ఎందుకింత పట్టింపు అంటే, ఇంతకుముందు వేరేచోట రికార్డు చేయించినప్పుడు ఒక అక్క కూర్చుని అంతా చెప్పింది, 2005 గృహహింస చట్టం కింద కేసు ఎలా వేసింది, ఆ చట్టం కింద సాయానికి ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికి ఎలా వెళ్ళింది, అదే ఇంట్లో ఉండే హక్కు కోర్టులో ఎలా తెచ్చుకుంది, ఇప్పుడు తన వీధిలో వేరేవాళ్ళకి ఎలా తోడు వెళ్తోంది, మొత్తం. వాళ్ళేం చేశారు, అందులో ఆవిడ ఏడ్చిన ముక్క ఒక్కటి కోసి, వెనకాల విషాదం మ్యూజిక్ వేసి, ఎర్రక్షరాల థంబ్‌నెయిల్‌తో షార్ట్ వదిలేశారు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. మేం గొడవపడి తీయించేలోపే అది అత్తారి వైపు వాళ్ళ ఫోన్లన్నిట్లో తిరిగేసింది. పదిమందికి పనికొచ్చే మాటలు చెప్పిన మనిషిని ఏడుపుగొట్టు క్లిప్పు కింద మిగిల్చారు, నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

ఇక్కడ మైకు ఆన్ చేసేముందే తెలుగులో ఒక కాగితం ఇస్తారు, వకీలు తెలుగు కాదు, మనం మాట్లాడే తెలుగే. పేరు వాడాలా, మొహం చూపించాలా, గొంతు ఉన్నదున్నట్టు ఉంచాలా, క్లిప్పులు చెయ్యొచ్చా, కామెంట్లు తెరిచి ఉంచాలా మూసెయ్యాలా, దేనికది విడిగా టిక్కు పెట్టాలి. చదువు రానివాళ్ళకి చదివి వినిపిస్తారు. రికార్డింగు అయిపోయాక అదే కాగితం మళ్ళీ ముందు పెడతారు, ఇది నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే మాట్లాడకముందు సరేనన్న మనిషికి మాట్లాడేశాక భయం వేస్తుంది, అది సహజం.

మొన్న పెద జాలారిపేట నుంచి చేపలమ్మే పిన్నిని తీసుకెళ్ళా. తెల్లారగట్ల హార్బర్‌కి వెళ్ళి సరుకు వేసుకుని, పొద్దంతా ఎండలో కూర్చుని అమ్మే ఆడవాళ్ళకి నీడ, బాత్రూం కావాలని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న మనిషి. రెండు చేతులకీ నిండా గాజులు. మాట్లాడుతూ చేతులు ఊపుతుంటే ప్రతి మాటకీ గలగల, హెడ్‌ఫోన్లో మాట కంటే గాజులే ఎక్కువ వినపడుతున్నాయి. పిన్నికి అర్థమైపోయింది, "ఇయ్యి తియ్యాలేటమ్మా" అంది, మొహం కాస్త మాడింది కూడా. రికార్డింగు చూసే అమ్మాయి, పాతికేళ్ళు ఉంటాయేమో, "అయ్యో వద్దు పిన్నీ, గాజులెందుకు తీయడం" అని లేచి వచ్చి, మెత్తటి కాటన్ చున్నీ రెండు ముక్కలు తెచ్చి గాజుల మీదుగా వదులుగా చుట్టి, మైకు స్టాండు అటు జరిపింది. బజార్లో కేకేసి అమ్మే గొంతు కదా, లెవెల్ ఎర్రలోకి పోతోంది, అయినా మెల్లిగా మాట్లాడమని ఒక్కసారీ అనలేదు, తనే గెయిన్, అంటే మైకు గొంతుని ఎంత పెంచి పట్టుకోవాలో అది, తగ్గించుకుంది. మెల్లిగా మాట్లాడు అంటే ఆ పిన్ని మాట్లాడటమే ఆపేసేది, నాకు తెలుసు.

అంతా అయ్యాక పిన్ని నా చెయ్యి పట్టుకుని, కొడుకు తాగుడు గురించి ఒక మాట జారిపోయాను, ఆడికి సంబంధాలు సూత్తన్నాం, తీసెయ్యమను అంది. ఆ అమ్మాయి స్క్రీను పిన్ని వైపు తిప్పి, ఆ మాట ఎక్కడుందో వినిపించి, అక్కడే కోసేసి, అటూ ఇటూ కలిపి మళ్ళీ వినిపించింది. బ్యాకప్ కాపీలోనూ తీసేసి చూపించింది. ఒక్కో మైకుది ఒక్కో ట్రాక్ రికార్డు చేస్తారు కాబట్టి ఇలా తీసినా నా మాట చెడలేదు.

చట్టం సంగతి కూడా వీళ్ళకి తెలుసు. అత్యాచార బాధితురాలి వివరాలు ఎవరో తెలిసేలా బయటపెట్టడం నేరం, పాత శిక్షాస్మృతి ఐపీసీలో 228ఎ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత, బీఎన్ఎస్‌లో 72, ఆవిడే రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. పనిచేసే చోట వేధింపుల మీద 2013 చట్టంలో 16వ సెక్షన్ ఉంది, కంప్లైంటులో ఏముంది, విచారణలో ఏం జరిగింది అన్నవి ప్రచురించకూడదు. రుషికొండ వైపు ఐటీ ఉద్యోగం చేసే ఒకమ్మాయి తన కంప్లైంటు గురించి అంతా చెప్పేస్తానని ఉత్సాహంగా వస్తే, వీళ్ళే ఆపి ఈ సెక్షన్ చెప్పి, ఆఫీసులో ఈ ఫిర్యాదులు చూసే కమిటీకి ఎలా వెళ్ళాలి, కంప్లైంటు మూడు నెలల్లోపు ఎందుకు ఇవ్వాలి అన్న వైపు మాట తిప్పించారు. ఆ ఎపిసోడ్ విని కమిటీ గురించి మొదటిసారి తెలిసిందని చాలామంది మెసేజ్ పెట్టారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకునే క్లాసుల్లో మొదలైన మాటలు సారా మీద పోరాటమై 1993లో రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్ళాయి, కాబట్టి ఆడవాళ్ళు కూర్చుని చెప్పుకునే కబుర్లతో ఏమవుతుంది అనేవాళ్ళ మాట నేను పట్టించుకోను.

ఆర్.ఆర్.వెంకటాపురం ఆవిడ ఎపిసోడ్ కూడా ఇక్కడే చేశాం, 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ గ్యాస్ లీకైన ఊరు, 12 మంది పోయారు. ఊరి వాళ్ళకి ఆరోగ్య పరీక్షలు ఆపొద్దని అడుగుతోంది ఆవిడ. మధ్యమధ్యలో మాట రాక ఆగిపోయింది. చాలాచోట్ల ఆ ఖాళీలు సాఫ్ట్‌వేరే కత్తిరించేస్తుంది, ఇక్కడ అలాగే ఉంచారు, అడక్కుండానే.

బాగోనివి కూడా రాయాలి. గొంతు మార్చమంటే ఊరికే పిచ్, అంటే గొంతు హెచ్చుతగ్గు, మార్చి ఇస్తున్నారు, అది వెనక్కి మార్చి అసలు గొంతు వినే వీలుంది, కాబట్టి నిజంగా ప్రమాదంలో ఉన్న మనిషి అయితే ఆ మాటల్ని వేరేవాళ్ళ చేత చదివించి పెట్టండి, మేం అలాగే చేస్తున్నాం, ఇది స్టూడియో వాళ్ళే చెప్పాల్సిన సంగతి. సబ్‌టైటిల్స్ అయితే ఘోరం, మన ఉత్తరాంధ్ర యాస ఆ సాఫ్ట్‌వేర్‌కి అర్థం కాదు, పిన్ని ఎపిసోడ్ మొత్తం నేనే కూర్చుని మళ్ళీ టైపు చేశా, దానికి కూడా డబ్బులు తీసుకున్నారు. లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు, మోకాళ్ళ నొప్పులున్న మామ్మలని ఎక్కించడం కష్టం. బాత్రూం పక్కాఫీసు వాళ్ళతో కలిపి.

ఆడియో గంటకి 800 తీసుకున్నారు, వీడియో అయితే డబుల్ పైనే, మాలాంటి కథలకి వీడియో అక్కర్లేదు అని నా అభిప్రాయం. ఎపిసోడ్ చివర 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు చదివి పెట్టమంటే ఉచితంగా పెడతారు. సాయంత్రాలు రీల్స్ చేసే కుర్రాళ్ళతో హాలు కిటకిటలాడుతుంది, మనవాళ్ళు అక్కడ కూర్చోలేరు, అందుకే పొద్దున స్లాటే తీసుకోండి, బుక్ చేసేటప్పుడే రికార్డింగుకి ఆ అమ్మాయే కావాలని చెప్పండి, తను సెలవులో ఉంటే ఇంకో రోజుకి మార్చుకోండి. నా రేటింగు ఐదుకి నాలుగు.